చీకట్లో మెరవని మరక

నాకు డెబ్బై ఒకటో ఏడు. మోకాళ్లు రెండూ మార్పించినవి, చూపు కళ్లద్దాలది, బుద్ధి మాత్రం ఇంకా నా సొంతం. ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరూ పక్కన చేరి చెవిలో ఊదకుండా, పూర్తి తెలివితో నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. యావదాస్తీ నా చెల్లెలికే చెందేలా ఇంతకుముందు రాసిన వీలునామా నేటితో రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారిది. అక్షరదోషాలు కనపడితే ఆయన దిద్దుకోవచ్చు. అర్థం మాత్రం దిద్దకూడదు.

1. పనిముట్లు. ముప్పై ఎనిమిదేళ్లు నేనూ చెల్లెలూ ఇళ్లలో మరకలు, వాసనలు వదిలించే పని చేశాం. సోఫా మీద ఒలికిన టీ, గోడకు పట్టిన తలనూనె, పిల్లి గీరిన తలుపు చెక్క, కుక్క తడిపిన తివాచీ, అన్నీ మా చేతుల మీదుగా పోయినవే. నా బ్రష్షులు, ఆవిరి యంత్రం, ఊదారంగు టార్చి మా దగ్గర పని నేర్చుకున్న పొడుగామెకు చెందాలి. ఆమెది ముక్కు కాదు, పరికరం. గది గుమ్మంలో నిలబడే పిల్లి ఏ మూల పాడుచేసిందో చెప్పేస్తుంది.

2. నా చెల్లెలికి ఈ ఇంట్లో గానీ, మా పనికున్న పేరులో గానీ ఏ హక్కూ లేదు. కారణం అందరూ అడుగుతారు, నేనే చెబుతాను.

నాకు బొగ్గు అని ఒక నల్లకుక్క ఉండేది. మూడేళ్ల క్రితం, దానికి పన్నెండేళ్లప్పుడు, మోకాళ్ల ఆపరేషనుకు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి కుక్క లేదు. ముందుగది చెక్కనేల మీద చేటంత నల్లమరక, ముక్కు పగిలే వాసన. బొగ్గు లేవలేక ఉన్నచోటే తడిపేస్తోందనీ, దాని బాధ చూడలేక మా వ్యాను డ్రైవరుతో పంపి డాక్టరు చేత సూది వేయించాననీ చెల్లెలు చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నేను దాన్ని ఓదార్చాను. నా కుక్క వల్ల ఇన్ని తిప్పలు పడ్డావు, ఏమీ అనుకోకు అని బతిమాలుకున్నాను కూడా. చేతికర్ర పక్కన పెట్టి, చిన్న పీట వేసుకుని, నెలరోజులు ఆ మరక తోమాను. వాసన పోయింది, నలుపు పోలేదు.

మరుసటి ఏడు వానలు పట్టాయి. కుక్క మూత్రం చెక్కలోకి దిగితే, పైన ఎంత కడిగినా, తేమ తగలగానే వాసన మళ్లీ లేస్తుంది. మా పనిలో అవి ఓనమాలు. వారం రోజులు ముసురు పట్టినా ముందుగదిలో ఏ వాసనా లేవలేదు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం పట్టుకుంది. పట్టపగలే తెరలన్నీ దించి ఊదారంగు టార్చి వేశాను. ఆ వెలుగులో మూత్రం ఇంకిన చోటు పసుపుపచ్చగా మెరుస్తుంది. గుమ్మం పక్కన, బొగ్గు పిల్లప్పుడు తడిపిన చోటు మసకగా మెరిసింది. నల్లమరక మెరవలేదు. అది అమ్మోనియా. వాసన అచ్చం కుక్క తడిపినట్టే ఉంటుంది, కొన్ని చెక్కల్ని నల్లగా మార్చేస్తుంది. అందుకే మా సామానులో దాన్ని ఎప్పుడూ చేరనివ్వలేదు. ఎందుకు చేరనివ్వకూడదో చెల్లెలికి నేర్పింది నేనే.

అడిగాను. బొంకలేదు, తనే పోశానంది. ఈ ఇల్లు అమ్మించి ఇద్దరం ఫ్లాటుకు మారాలని దాని ఆలోచన. ఆ ఫ్లాట్లలో కుక్కల్ని రానివ్వరు.

"అడిగితే ఒప్పుకునేదానివా అక్కా?" అంది, బట్టలు మడతపెడుతూనే.

ఒప్పుకునేదాన్ని కాను. ఆ మాట నిజం కావడమే నన్ను ఎక్కువ మండించింది. ఆ వారమే అది ఒక్కతే ఫ్లాటుకు వెళ్లిపోయింది.

3. మా సామాను వ్యాను డ్రైవరుకు చెందాలి. ఇంకేమీ చెందదు. చెల్లెలు వెళ్లిపోయాక అతను వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. బొగ్గును సూదికి తీసుకెళ్లడానికి మనసొప్పక తన ఇంటికి తీసుకెళ్లాడట. మూడు వీధుల అవతల అది మరో ఏడు నెలలు బతికింది. చిన్నమ్మగారికి తెలిస్తే పని పోతుందని భయపడ్డాడట. ఆ ఏడు నెలలూ పదిహేను రోజులకోసారి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా అని అడిగి, టీ తాగి వెళ్లేవాడు. ప్రాణం కాపాడినందుకు వ్యాను. నోరు విప్పనందుకు అంతటితో సరి.

4. నా స్వార్జితమైన ఈ ఇల్లు, పెరడు, అందులోని సామానుతో సహా, డ్రైవరు భార్యకు, ఆమె ఒక్కదాని పేరున, సర్వహక్కులతో చెందాలి.

ఆ ఏడు నెలల్లోనే ఆమె ఒకసారి మా గేటు దగ్గరకు వచ్చింది. ఇంట్లో ముసలికుక్క ఉంది, సిమెంటు నేల తడిపేస్తోంది, వాసన ఎలా పోతుందమ్మా అని అడిగింది. రుద్దకుండా పాతగుడ్డతో అద్దమన్నాను. వెనిగరులో సమంగా నీళ్లు కలిపి తుడిచి, ఆరాక వంటసోడా చల్లి మర్నాడు ఊడ్చమన్నాను. బ్లీచింగు జోలికి పోవద్దన్నాను. బొగ్గు పోయిన దుఃఖంలో ఉన్నానేమో, అడగని మాట కూడా చెప్పాను. ముసలిప్రాణం కావాలని చేయదు, కసరొద్దు, నడుం కింద గోనెసంచి మడిచి వెయ్యి అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. జాలిగుండె అనుకుని లోపలికి వచ్చేశాను.

నిజం చెప్పకపోవడం ఆమె తప్పు కూడా. కాదనను. కానీ భర్త అంతా చెప్పిన మర్నాడు ఆమె ఒక్కతే వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "ఒక్కరోజు కూడా కసరలేదమ్మా" అంది. నా చేతులతో చేయాల్సిన సేవ ఆమె చేతులు చేశాయి. ఇంటికి తగిన చేతులు అవి.

5. అటక మీది బొంత. మా అమ్మ పాతబట్టలతో కుట్టింది. ఇది నా చెల్లెలికి చెందాలి. చిన్నప్పుడు ఇద్దరం దీని కిందే పడుకునేవాళ్లం. మంచుగడ్డల్లాంటి పాదాలు తెచ్చి నా పిక్కల మధ్య దూర్చేది. మాస్టారు ఇది చదివేటప్పుడు అది లేచి వెళ్లిపోబోతే ఆపి, బొంత చేతికిచ్చి పంపాలి. నేను క్షమించానని అనుకోనివ్వకూడదు. క్షమించలేదు. దానికి చలి ఎక్కువ, అంతే.

జూలై పదిహేడో తేదీ, మధ్యాహ్నం మూడున్నరకు, పైనున్నదంతా చదివించుకుని విని, సమ్మతించి చేసిన నా సంతకం.

(సంతకం)
మరకల పెద్దమ్మ అని వీధి పిలిచేది నన్నే

సాక్షులు (ఇద్దరికీ ఇందులో చిల్లిగవ్వ రాదు, అందుకే పిలిచాను):

(సంతకం) వీధి చివర మందుల షాపాయన
(సంతకం) పక్కింటి టైలరమ్మ. తన కళ్లద్దాలు మరిచిపోయి వచ్చి, నావి పెట్టుకుని చేసింది.