కొట్టెయ్యని వాక్యం

అక్కా,

ఇది చదివాక నన్ను చెప్పుతో కొట్టాలనిపిస్తుంది. ఆ పని వాళ్లు సగం చేసేశారు, మిగతా సగం నీకోసమే ఉంచాను.

ఆసుపత్రిలో బావ మంచం పక్కన కూర్చుని, ఆ వాక్యం ఈయనెందుకు రాశాడా అని గుండెలు బాదుకుంటున్నావట. ఆయన రాయలేదే. నేను రాశాను.

మా ఇద్దరికీ నీకు తెలియని ఆట ఒకటుంది. ఇరవై ఏళ్లుగా బావ పుస్తకాలన్నిటికీ ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేది నేనే కదా. మొదటి ప్రూఫులో ఎక్కడో ఒకచోట నా కొంటె వాక్యం దూరుస్తాను. ఆయన ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పక్కన "గాడిదా" అని రాసి పంపుతాడు. ఎనిమిదో క్లాసు తప్పినవాడికి కాలేజీ మేష్టారు ఇంతకంటే పెద్ద బిరుదేం ఇస్తాడు?

"సైన్స్ అంటే ఏమిటి" అనే ఆయన పుస్తకం నీకు తెలుసు. పాత ప్రభుత్వంవాళ్లు ముందుమాటలో "సైన్స్ శ్రామికుల ఆయుధం" అని ఉండాలన్నారు. పెట్టాం. ప్రభుత్వం మారింది. "సైన్స్ జాతి ఆయుధం" అని ఉండాలన్నారు. పేర్చిన పేజీ విప్పకుండా ఒక్క మాట పీకి ఇంకోటి బిగించేశాను. "చూశావా బావా, లోకజ్ఞానమంతా మార్చడానికి నాకో పట్టకారు చాలు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు భోజనం కూడా ముట్టలేదని నువ్వే చెప్పావు.

ఇప్పుడు మూడో ముద్రణ. లోపల ఆయన పాఠం: "ఏం జరిగితే తన మాట తప్పవుతుందో ముందే చెప్పగలిగినవాడిదే సైన్స్." దాని కింద నేను దూర్చాను: "మన నాయకుడి మాట ఏం జరిగినా తప్పు కాదు. కాబట్టి అది సైన్స్ కాదు." ప్రూఫు తిరిగొచ్చింది. గీత లేదు, గాడిద లేదు. ఆయన కళ్లు మందగించాయి, నేను గెలిచాననుకున్నాను. నేనే తీసెయ్యాల్సింది. గెలుపు మత్తులో అచ్చుకెక్కించేశాను.

పట్టపగలు నాయకుడి మనుషులు పన్నెండుమంది ప్రెస్సుకొచ్చారు. అక్షరాల పెట్టెలు బోర్లించారు. మా యజమాని ముందుపళ్లు రాలగొట్టారు. కొత్త ప్రతుల కోసం బావ అప్పుడే గుమ్మంలోకొచ్చాడు. "రాసిన చెయ్యేదిరా?" అన్నాడొకడు. ఆయన చూపించాడక్కా! ఆ చేతిని బల్లకేసి అదిమి, పేజీలు బిగించే ఇనప చట్రంతో కొట్టారు. నాలుగు వేళ్లు. ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడు. నేను కాగితాల కట్టల వెనక నక్కి నాలుగూ లెక్కపెట్టాను. "రాసింది నేను." రెండే మాటలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగే నా నోట్లోంచి ఆ రెండూ ఊడిపడలేదు. తర్వాత నన్నూ పట్టుకుని తన్నారు గానీ, అది దారిన పోయే కుక్కని తన్నడం లాంటిది. లెక్కలోకి రాదు.

ఎల్లుండి బావ మీద విచారణ. ఆ రెండు మాటలూ చెప్పేస్తాను. బావని వదిలేస్తారు.

నీ కోతి తమ్ముడు


అక్కా,

జైలు కావలివాణ్ణి బతిమాలి ఇది పంపుతున్నాను. కాగితం మీద మరకలు నా ముక్కువి, బెంగపడకు.

విచారణ గది గుమ్మంలో నువ్వు నా చేతిలో కుక్కి, మొహం తిప్పుకుని వెళ్లిపోయిన కాగితం విప్పాను. ఆ ప్రూఫుకే బావ ఇంట్లో ఉంచుకున్న రెండో ప్రతి. నా వాక్యం మీద మూడు గీతలు, మూడూ రబ్బరుతో చెరిపేసి ఉన్నాయి. అంచున "గాడిదా". దాని కింద, "తప్పని చూపించి కొట్టెయ్యాలి." ఆ కింద, రెండ్రోజుల తర్వాతి తేదీతో, "చూపించలేకపోయాను. కొట్టెయ్యడానికి భయం తప్ప కారణం లేదు. ఉండనీ."

ఆయన చూశాడే! కళ్లు మందగించింది నాకు.

లోపల "రాసింది నేను" అన్నాను. "ఉంచింది నేను" అన్నాడు బావ. అధికారి విసుక్కున్నాడు. "ఎవరో ఒకరు తన మాట అబద్ధమని ఒప్పుకోండయ్యా, వాడు ఇంటికి పోతాడు."

"మీ దగ్గర అబద్ధాలకి కరువొచ్చిందా సార్?" అన్నాను.

లాఠీ జవాబు చెప్పింది. ముక్కు విరిగింది. రెండో దెబ్బ బావ చేతి కట్టు మీదకి దిగుతుంటే నా వీపు అడ్డం వెళ్లింది. నన్నడక్కుండానే వెళ్లింది.

చెరో మూడేళ్లు. ఒకణ్ణయినా ఇంటికి తెస్తానన్నవాణ్ణి, ఇద్దర్నీ పోగొట్టాను. తిట్టు. గట్టిగా తిట్టు.

ఇద్దర్నీ ఒకే గదిలో పెట్టారు. బావ చెయ్యి ఇక పెన్సిలు పట్టదట. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను, నాలుగో ముద్రణకి ముందుమాట. అందులో ఎవరి ఆయుధమూ లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, నిన్న ఒక వాక్యం దూర్చి చదివి వినిపించాను: "ఈ అక్షరాలు పేర్చినవాడు ధైర్యవంతుడు."

"గాడిదా" అన్నాడు.

కొట్టేద్దామని పెన్సిలెత్తాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజు కాగితాల కట్టల పక్కనుంచి నీ చెప్పులు కనిపించాయిరా."

నా చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు నీ వాక్యం తప్పని తేలింది. విచారణ గదిలో తేలలేదు. పరీక్ష ఇంకా అవలేదు. ఉండనీ."

నీ తమ్ముడు,
గాడిద