తొమ్మిదో నంబరు మా ఆయప్ప కాదు

ధర్మవరం,
6-1-2025

హిందూపురం చేనేత ఆరోగ్య అధ్యయన కేంద్రంలో ఉండే పెద్ద సార్‌కు,

ధర్మవరం నుంచి మైమూనా సలాం చెప్పి రాసేది. ఫోన్ చేస్తే ఏదైనా రాసి పంపమన్నారు, అందుకని రాస్తాండా.

పోయిన ఆగస్టులో మీ ఆఫీసు నుంచి వసుధ అనే పాప మా ఇంటికొచ్చింది. నేతగాళ్ళ ఆరోగ్యం గురించి చదువుతాండాదంట. నా మొగుడు, మా ఆయప్ప మాబుసాబ్‌తో రెండు గంటలు మాట్లాడి, ఆ మాటలన్నీ చిన్న మిషన్‌లో పట్టుకోని పోయింది. నేను ఆ పొద్దు పెనుకొండలో మా అక్క ఇంటికి పోయింటి.

నవంబరులో ఆయప్ప గుండెనొప్పి వచ్చి పోయినాడు. ఫోటోలుండాయి. గొంతే లేదు. నా ఫోన్లో రికార్డయిన కాల్ ఒక్కటుండాది. "ఆఁ, బత్తలపల్లి దాటినా, వస్తాండా" అంటాడు. ఎనిమిది సెకండ్లు. దినామూ వింటా. దినామూ బత్తలపల్లి దాటతానే ఉంటాడు గానీ ఇంటికి రాడు.

మీ మిషన్‌లో ఉండే ఆ రెండు గంటలు నాకు ఇప్పించండి సార్.

ఇట్లు,
మైమూనా

తా.క.: ఆ పాపకు ఆయప్పే ఉగ్గాని చేసి పెట్టినాడంట. ఉప్పు ఎక్కువై ఉంటాది. ఏమనుకోవద్దని చెప్పండి.

*

హిందూపురం,
17-1-2025

శ్రీమతి మైమూనా గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాము. అయితే మా అధ్యయనంలో ఎవరు పాల్గొన్నారో, ఎవరు పాల్గొనలేదో బయటికి చెప్పడం వ్యక్తిగత సమాచార రక్షణ నియమాలకు విరుద్ధం. కావున మీరు పేర్కొన్న వ్యక్తి పాల్గొన్నారని గానీ, పాల్గొనలేదని గానీ చెప్పలేను. మూడో వ్యక్తికి సమాచారం ఇవ్వాలంటే, జతపరిచిన సమ్మతి పత్రంపై పాల్గొన్నవారు స్వయంగా సంతకం చేసి, ఆధార్ నకలుతో పంపవలెను.

భవదీయుడు,
రంగనాథ్,
సమాచార రక్షణాధికారి

తా.క.: ఉగ్గాని విషయం వసుధకు తెలియజేశాను. బాగుందన్నారు. ఎక్కడ తిన్నదీ చెప్పలేనన్నారు.

*

ధర్మవరం,
24-1-2025

రంగనాథ్ సార్‌కు సలాం.

సంతకం చేయాల్సిన మనిషి ఖబరస్తాన్‌లో ఉండాడు. ఫారం ఆడ పెట్టొస్తే మీవాళ్ళెవరైనా వచ్చి తీసుకుంటారా?

ముప్పై రెండేండ్లు కాపరం చేసిన నేను మూడో మనిషినంట. మొదటి మనిషి ఆయప్ప, సరే. ఆ రెండో మనిషి ఎవరో చెప్పండి సార్, నేను ఆమెతోనే మాట్లాడుకుంటా.

మా ఇంట్లో మగ్గం ఖాళీగా ఉండాది. మాకు పట్టు ఇచ్చే షావుకారి అమర్‌నాథ్ వచ్చి, "నేసే మనిషే పాయె, ఇంగ పట్టు ఎవరికిచ్చేది" అని ఆపేసినాడు. మా కూతురు ఆరిఫా బట్టలంగట్లో పనికి పోతాది. పగలంతా ఇంట్లో ఒక్క మాట వినపడదు. అందుకే అడుగుతాండా, సతాయించాలని కాదు.

ఇట్లు,
మూడో మనిషి మైమూనా

*

హిందూపురం,
3-2-2025

మైమూనా గారికి,

ఆ ఫారం పంపడం నా పొరపాటు. మీ ఉత్తరం మళ్ళీ చదివి సిగ్గుపడ్డాను. క్షమించండి.

నియమం మార్చలేను గానీ ఒక దారి ఉంది. మా పరిశోధన సరైనదో కాదో ఎవరైనా చూసుకునేందుకు, ఇరవై నాలుగు మంది చెప్పిన మాటలన్నీ రాతలో పెట్టి వెబ్‌సైటులో ఉంచాం. పేర్లు, వీధులు తీసేసి నంబర్లు వేశాం. ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు, మీరు కూడా. గొంతు ఉండదు, మాటలు ఉంటాయి. చిరునామా కింద రాశాను.

ఇట్లు,
రంగనాథ్

తా.క.: రెండో వ్యక్తి అంటే నేనేనట. నియమావళి వెతికితే ఈ రోజే తెలిసింది.

*

ధర్మవరం,
19-2-2025

రంగనాథ్ సార్‌కు,

ఫోన్లో చదివేది నాకు రాదు, ఆరిఫా చదివింది, నేను విన్నా. ఇరవై నాలుగు మందికీ నడుం నొప్పే. ఇరవై నాలుగు మందికీ కండ్లు మసకే. మీరు పేర్లు తీసేసేది సరే, మనుషులనే తీసేసినారు.

కడాకు తొమ్మిదో నంబరు కాడ పట్టుకున్నా. వయసు అదే, టీ తాగే లెక్క అదే. ఆ పెద్దమనిషి ఏమన్నాడో మీరు చదివినారా? "నా పెండ్లాం ఏం పనీ చెయ్యదు, ఇంట్లో కూచోని ఉంటాది. ఆమె నోటికి తాళలేక నాలుగు గొర్రెలు కొనుక్కోని తాడిమర్రి దిక్కు పోదామనుకుంటాండా" అన్నాడు. నా నోరంట. గొర్రెలంట.

ముప్పై రెండేండ్లలో గొర్రె అనే మాట ఆయప్ప నోట్లో నుంచి ఒక్క తూరి రాలేదు. ఇంత కడుపులో పెట్టుకోని నాతో సంగటి తిన్నాడా అని రెండు దినాలు ఏడిస్తి. ఆయప్ప చొక్కా కొక్కేనికి తగిలించి పెట్టుకోనింటి. తీసి పాత బట్టల మూటలో ఏస్తి. ఆరిఫా పనిచేసే అంగట్లో నిలబడి పది మందికి అదంతా చదివించి వినిపిస్తి కూడా.

ఇట్లు,
ఏం పనీ చెయ్యని మైమూనా

తా.క.: రెండేండ్ల నుంచి ఆ మగ్గం మీద కూచోని నేసింది నేను సార్. ఆయప్పకు పోగు కానరాదు. షావుకారికి తెలిస్తే మగ్గం ఆపేస్తాడని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. ఈ ఉత్తరం కూడా ఇంటర్నెట్‌లో పెడితే ఈ ముక్క కొట్టేయండి.

*

హిందూపురం,
25-2-2025

మైమూనా గారికి,

మీ ఉత్తరాలు నా బీరువాలోనే ఉన్నాయి, తాళం నా దగ్గరే.

దయచేసి తొమ్మిదో నంబరు గురించి తొందరపడకండి. ఆయన ఎవరో నాకు తెలియదు. తెలిసినా చెప్పకూడదు. తెలియదని కూడా చెప్పవచ్చో లేదో పైవాళ్ళను అడిగాను, జవాబు రాలేదు. చొక్కా మాత్రం మూటలోంచి తీసి పెట్టండి. అది నియమాలకు సంబంధం లేని మాట కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఇట్లు,
రంగనాథ్

*

ధర్మవరం,
10-3-2025

రంగనాథ్ సార్‌కు,

తప్పయిపోయింది. తొమ్మిదో నంబరు మా ఆయప్ప కాదు. వెనక వీధి కుళ్ళాయప్ప. మీరు పేరు తీసేసినారు గానీ, "బస్సు గుద్ది ఎడమ కాలు పోయింది" అనే ముక్క అట్లే పెట్టినారు. గొర్రెల మాట విన్నాక నాకు ఇంకేదీ చెవిన పడలేదు, రెండో తూరి చదివించుకునే దాకా ఆ ముక్క చూసుకోలేదు. అంగట్లో విన్నోళ్ళు ముందే చూసుకున్నారు. ధర్మవరంలో బస్సు గుద్ది కాలు పోయి నేత నేసే మనిషి ఎంతమంది ఉంటారు సార్?

కుళ్ళాయప్ప పెండ్లాం సుంకమ్మ ఆ మాటలు విని, సంచి సర్దుకోని రొద్దంలో పుట్టింటికి పోయింది. కుళ్ళాయప్ప మా ఇంటి కాడికొచ్చి, "ఏమ్మా, ఆ పాప రహస్యం అని చెప్పింది కదా, నువ్వెట్ల చదివిస్తివి" అన్నాడు. అరవలేదు. అరిచింటే బాగుండు.

ఆ తర్వాత కూచోని లెక్క చూస్తే ఇరవై నాలుగు మందీ ఎవరెవరో తెలిసిపాయ. ఇరవై రెండో ఆయన పెండ్లాం పోయినోడు, మా ఆయప్ప కాదు. పద్నాలుగో ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒక్కొక్కరినే తీసేస్తే కడాకు ఒక్కరూ మిగల్లేదు. మావాడు లేడు సార్. యాడ పెట్టినారు?

ఇట్లు,
మైమూనా

తా.క.: చొక్కా తీసి పెట్టినా.

*

హిందూపురం,
2-4-2025

మైమూనా గారికి,

మీ ఉత్తరం రాగానే వెబ్‌సైటులోంచి ఆ ఫైలు తీయించాను. కాలు సంగతి తీసేయకపోవడం మా తప్పు, మీది కాదు. మేము అందరికీ చూపిస్తామన్నాం, ఎవరికీ తెలియదని కూడా అన్నాం. రెండు మాటలూ ఒకే కాగితం మీద రాసి సంతకాలు తీసుకున్నాం. కుళ్ళాయప్ప గారి దగ్గరికి నేనే వచ్చి క్షమాపణ చెప్పాను. ఆయన కుర్చీ వేశారు, మళ్ళీ మగ్గంలో కూర్చున్నారు.

పేర్ల పట్టిక సీలు వేసి ఉంటుంది. కమిటీ అనుమతితో విప్పాను. మాబుసాబ్ గారు పాల్గొన్నారు. పదకొండో రోజున తన మాటలు వెనక్కి తీసుకుంటానని ఉత్తరం రాశారు. అలా అడిగే హక్కు ఎవరికైనా ఉంది. వసుధ ఆ రోజే రికార్డింగు చెరిపేసింది. ఎక్కడా రెండో కాపీ లేదు. మూడు చోట్ల వెతికించాను. మీకు ఈ మాట ఎలా రాయాలో తెలియక వారం ఆలస్యం చేశాను.

ఆయన రాసిన ఉత్తరం మాత్రం ఉంది. అది పరిశోధన సమాచారం కాదు, ఆఫీసుకు వచ్చిన కాగితం. భార్యకు ఇవ్వవచ్చని కమిటీ అన్నది. వసుధ అంటించిన కవరు విప్పకుండా పంపుతున్నాను.

ఇట్లు,
రంగనాథ్

*

ధర్మవరం,
21-4-2025

రంగనాథ్ సార్‌కు సలాం.

కవరు అందింది. మీరు చదవలేదు గాబట్టి ఈడ దించి రాస్తాండా. ఆయప్ప చేతిరాతే, వంకరగా పోయింది, గీత మీద గీత పడింది.

"వసుధమ్మకు మాబుసాబ్ రాసేది. మగ్గం మీద ఎవరు కూచుంటారంటే నేనే అంటి. మీ ఆడమనిషి ఏం చేస్తాదంటే వంట చేస్తాది అంటి. అది అబద్ధం తల్లీ. నాకు పోగు కానరాక రెండేండ్లాయ. నేసేది మైమూనా. నేను పోగును కండెలకు చుట్టి ఇస్తా, అంతే. ఆ గులాబీ అంచు చీర, నువ్వు ఫోటో తీసుకుంటివే, అది కూడా ఆమె చేసిందే. షావుకారికి భయపడి అట్ల చెప్పినా. నిజం రాసుకోమని చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఇది లోకమంతా చదువుతారని నువ్వంటివి. ఆమె ఏం పనీ చేయదని లోకానికి చెప్పినట్లు అవుతాది. ఆ పొద్దు నుంచి సంగటి దిగలేదు. నా మాటలన్నీ కొట్టేయి."

చదివినాక అబద్ధం చెప్పినాడని కోపం రాలేదు. నాకు చెప్పకుండా పదకొండు దినాలు ఒక్కడే మోసినాడే అని అనిపించె. ఆ పదకొండు దినాలు నేను, "ఏమి సరిగ్గా తినవు" అని కసురుకుంటాంటి.

ఆ కాగితం ఎత్తుకోని షావుకారి అమర్‌నాథ్ కాడికి పోయినా. నిలబడే రెండు తూర్లు చదివినాడు. "రెండేండ్లు నాకు చెప్పకపోతిరే" అన్నాడు. నేను పట్టు అడిగినా. నాలుగు దినాలకు ఒక్క చీరకు పట్టు పంపినాడు, చూసి చెప్తాననె. యాబై రెండేండ్లకు పని నేర్చుకునేదానికి వచ్చినదాన్ని మాదిరి కూచున్నా. పొద్దున మొదలుపెట్టినా. ఆరిఫా కండెలు చుడ్తాండాది, వంకర చుడ్తాది.

గొంతు పాయె సార్. ఇంగ మీరు వెతకాకండి.

వసుధ వస్తానని చెప్పి పంపింది. రమ్మనండి. ఈ తూరి నన్ను అడగమనండి. ఏది ఊరికి చూపించొచ్చు, ఏది చూపించకూడదు అనేది ముందే నాతో కూచోని మాట్లాడుకోని రాసుకోమనండి.

ఇట్లు,
నేసే మైమూనా

తా.క.: సుంకమ్మ ఇంగా రాలేదు. ఈ శుక్రవారం నేనే రొద్దం పోతాండా. ఆమెకు చెప్పేదానికి నాకాడ మాటల్లేవు. ఆయప్ప ఉత్తరం తీసుకపోయి చదువుతా. ఒక మొగోడు పెండ్లాం మీద చెప్పిన మాట తప్పని రాసిచ్చిన కాగితం ఆమె ఎప్పుడూ చూసిండదు. కుళ్ళాయప్ప కూడా వస్తానంటాండాడు. ఏం చెప్తావప్పా అంటే, "నువ్వు చదువమ్మా, నేను పక్కన కూచుంటా" అంటాండాడు.