ఎడమ కన్ను గెలిచింది

మంగళవారం. దుప్పట్లు ఉతికాను, మినప్పప్పు రుబ్బాను, అలమర సర్దాను.

రెప్పల వాపుతో కళ్ళు మసకబారి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని డాక్టరమ్మకి చెప్పి నేటికి నెల. రెండు పద్ధతులు చెప్పి, ఏది నప్పితే అది చేసుకోమంది. ఏది మేలో తేల్చుకోవాలి కదా! కుడి కంటికి మందుల షాపులో కొన్న, రెప్పలు తుడుచుకునే తడి వైప్స్, ఎడమ కంటికి వేడినీళ్ళ గుడ్డ కాపడం, ఆ తర్వాత నీళ్ళు కలిపిన పిల్లల షాంపూతో తుడవడం. కాటుక మాత్రం రెండింటికీ మానేశాను, లేకపోతే పోలిక చెడుతుంది.

"ఏటే, రెండు కళ్ళనీ సవతుల్లాగ సూస్తన్నావు?" అని అత్తయ్య రోజూ నవ్వేది.

వారం నుంచి పొద్దున్న లేచేసరికి ఎడమ రెప్పలు అతుక్కోవడం లేదు. కుడివి ఇంకా అతుక్కుంటున్నాయి. రేపట్నుంచి రెండింటికీ కాపడమే. మానేస్తే వాపు మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ అంది, రోజూ ఎన్నాళ్ళు చెయ్యగలనో...

సాయంత్రం కుడి కన్ను మూసి సూది పట్టుకున్నాను. దారం మొదటిసారికే ఎక్కింది!

"ఇంక అంత దూరం గోవాడ ఊరి నుంచి కూడా నీకే సూపించుకోడానికొస్తారే కళ్ళు!" అంది అత్తయ్య.

రెండు నెలలుగా వాయిదా వేస్తున్న ఆవిడ జాకెట్టు హుక్స్ ఆరూ కుట్టి ఇచ్చాను. అత్తయ్యకి నా బాకీ తీరింది.