హసీనా కంప్యూటర్ కాగితం

1988 జూన్ 6, సోమవారం

నా పేరు నూర్‌బాషా సైదమ్మ. రేషన్ కార్డులో అరవై రెండు, అసలు వయసు డెబ్బై దాటింది. ఊరు మాచర్ల. ఇంట్లో నేను, మోటార్లకు వైండింగ్ కట్టే నా కొడుకు మస్తాను, కోడలు కాశింబి, మనవరాలు హసీనా. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే హసీనా రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒట్టు వేయించుకున్నాను. తన మీద చెప్పినా సరే.

విషయం ఆ పిల్ల కాగితమే. ఇంటర్ అయ్యాక ఆరు నెలలు నరసరావుపేటలో కంప్యూటర్ నేర్చింది. రోజూ పొద్దున్నే బస్సు. చివర్లో బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ ఇచ్చారు. "ఇది చూపిస్తే ఎక్కడైనా కుర్చీ వేస్తారు" అన్నాడట అక్కడి సారు. మూడు నెలలైంది. కుర్చీ కాదు గదా, పీట కూడా వేసినవాడు లేడు.

జూన్ 7

బ్యాంకులో — "పరీక్ష రాయాలమ్మా." సొసైటీలో — "మాకు కంప్యూటరే లేదు." పత్తి మిల్లులో కంప్యూటర్ ఉంది, గుడ్డ కప్పి. "ముట్టుకుంటే పాడైపోద్ది" అని గుమాస్తా... మరి కొన్నది ఎందుకట.

జూన్ 9

పక్కింటి రత్తమ్మ వచ్చింది. "టైపు నేర్పిస్తే పోయేదిగా వదినా. కోర్టు కాడ కూచున్నా గడుస్తది." హసీనా మొహం మాడిపోయింది. నాకూ ఒళ్లు మండింది. రత్తమ్మ మీద కాదు — ఆ మాట నిజమే అయినందుకు.

జూన్ 10

నా కాగితం సంగతి కూడా రాయమన్నాను. నేను మంత్రసానిని. ఈ వీధిలో సగం మంది నా చేతుల్లో పడ్డవాళ్లే. తల నెరిశాక సర్కారు ఆసుపత్రిలో నెల రోజులు కూర్చోబెట్టి, చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పి, ఒక అల్యూమినియం పెట్టె, ఒక కాగితం ఇచ్చారు. కాగితం వచ్చాక కాంపౌండరు నన్ను బల్ల మీద కూర్చోమన్నాడు. అంతకుముందు గడప బయటే. కాన్పు చేసే చెయ్యి మాత్రం అదే చెయ్యి. అయినా దాన్ని పారేయలేదు. బల్ల బల్లే.

ఈ పిల్ల కాగితానికి ఆ బల్ల కూడా దక్కలేదు.

"నీకు పనొచ్చాక కాగితమిచ్చారు నాయనమ్మా. నాకు కాగితమొచ్చింది, పని రావాలి" అంది, రాస్తూ రాస్తూ. ఆరు నెలల్లో మిషను ముందు కూర్చున్నది వారానికి ఒక్క గంటట. మిగతాది నోటుపుస్తకం. ఇంట్లో అట్ట ముక్క మీద మీటలు గీసుకుని వేళ్లు ఆడించుకునేదట. ఇప్పుడా చెప్పేది...

జూన్ 13

సిమెంటు ఫ్యాక్టరీ నుంచి కార్డు. కంప్యూటర్ చూసుకునే మనిషి కావాలి, ఎల్లుండి రావాలి, అసలు సర్టిఫికెట్ తేవాలి. ఆ సర్టిఫికెట్‌ను మస్తాను ఎప్పుడో అద్దంలో బిగించి గోడకు కొట్టాడు. ఊడదీస్తే అంచు చిరుగుతుంది. ఫ్రేముతోనే పోతాం.

జూన్ 15

ఎండ. రెంటచింతల వైపు నుంచి సెగ. గేటు దగ్గర వాచ్‌మన్ ఏసోబు లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆ పటం ఎవరిది? ఎప్పుడు పోయారు?"

"నా మనవరాలిది. పోలేదు, పక్కనే ఉంది."

కంప్యూటర్ గది బయట చెప్పులు విప్పాలి. నన్ను రానివ్వలేదు — దుమ్మట. గాజు తలుపు ఇవతల, మమ్మల్ని తీసుకొచ్చిన ఏసోబు పక్కన కూర్చున్నాను. మాట సన్నగా వినబడుతోంది. లోపల ఆఫీసరు, గుంటూరు నుంచి వచ్చిన డిగ్రీ అబ్బాయి ప్రసాదు, హసీనా.

మిషను నడిపి చూపించమన్నారు. ముందు ప్రసాదు. తెర వెలుగుతుంది, ఆరిపోతుంది. ఫ్లాపీ మారుస్తాడు, మీటలు నొక్కుతాడు. వెలుగుతుంది, ఆరిపోతుంది. పక్కన స్టెబిలైజరు టక్కు టక్కుమంటోంది. హసీనా తెర వైపు చూడటం లేదు. తలెత్తి బల్బును చూస్తోంది.

"సార్, ఏసీ ఆపండి."

"ఏంటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఏసీ అందుకున్నప్పుడల్లా లైటు గుడ్డిదవుతోంది. కంప్యూటర్‌కు కరెంటు చాలట్లేదు."

"కంప్యూటర్‌కు ఏసీ ఉండాలని మీకు చెప్పలేదా?"

"చెప్పారు సార్. నోట్సులో మొదటి పేజీ అదే."

"మరి?"

"మా నాన్న కొట్లో పెద్ద మోటారు వేస్తే బల్బు ఇట్టాగే అవుద్ది."

ఆపారు. స్టెబిలైజరు నోరు మూసింది. తెర మీద అక్షరాలొచ్చాయి. నిలబడ్డాయి. ముగ్గురూ చెమటలు కక్కుతూ దాన్నే చూస్తున్నారు. "నీ పిల్ల గట్టిదే పెద్దమ్మా" — ఏసోబు.

అప్పుడు ఆఫీసరు ఫ్రేము చేతిలోకి తీసుకున్నాడు. "ఆరు నెలల కోర్సు. ఇది మేం లెక్కలోకి తీసుకోం. డిగ్రీ ఉండాలి." ఉద్యోగం ప్రసాదుకు. హసీనాకు రోజుకూలీ, ప్రసాదు కింద. "ఇలాంటివి అతనికి చూపిస్తుంటుంది."

లేచి లోపలికి పోయాను, చెప్పులతోనే. "సారూ, నడిపింది ఎవురు?"

"మీ పిల్లే మామ్మగారూ. కాదనట్లేదు."

"ఆ ముక్కే కాగితం మీద రాసి ముద్ర ఎయ్యి."

నవ్వాడు. "అలాంటి సర్టిఫికెట్లు ఉండవండి."

జూన్ 16

ఉండవట.

జూన్ 17

హసీనా పోతానంటోంది. "రోజంతా మిషను ముందు ఉండొచ్చు నాయనమ్మా." మస్తాను వద్దంటాడు. "కూలికైతే కొట్లో నా పక్కన కూచోమను." నేను ఎవరి వైపో నాకే తెలియడం లేదు. రిజిస్టరులో ఒకసారి కూలి అని పడితే ఆ పేరే ఉండిపోతుందని భయం. పోకపోతే మిగిలేది అట్ట ముక్క. సోమవారం పనిలో చేరాలి, లేదంటే వేరేవాళ్లను చూసుకుంటారు.

రాసే చెయ్యి ఇక్కడ ఆగింది. రాయవే అన్నాను.

జూన్ 19, ఆదివారం

ఆఫీసరు ఇవ్వని కాగితం నేనిస్తున్నాను. జూన్ పదిహేనున సిమెంటు ఫ్యాక్టరీలో, ఆరిపోతున్న కంప్యూటర్‌ను నిలబెట్టింది నా మనవరాలు హసీనా. ఏసీ ఆపమన్నది ఆమె. నా కళ్లతో చూశాను.

ఏసోబు చర్చిలో పూజ అయ్యాక వచ్చి సంతకం చేసి పోయాడు. ప్రసాదు బస్టాండు పక్క లాడ్జిలో ఉంటే నేనే వెళ్లాను. రెండుసార్లు చదివాడు. "ఒక్క మాట అబద్ధం లేదు మామ్మగారూ. నా ఉద్యోగం పర్మనెంటయ్యేదాకా ఆగండి."

రేపు ఎనిమిదింటికి బస్సు. మస్తాను ఇంకా ఊ అనలేదు.

నూర్‌బాషా సైదమ్మ, బొటనవేలి ముద్ర

సాక్షులు:
ఏసోబు, వాచ్‌మన్
ప్రసాదు — చోటు వదిలి ఉంచాం