బాపును గడప దాటించిన కుక్కల కథ

లింబాయత్, సూరత్
డిసెంబరు 2020

అమ్మకు లత నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ బాపూ బాగున్నాం. అమ్మమ్మ కాలు నొప్పి తగ్గి, ఊళ్లో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే బాపు పక్కనే కూర్చుని వింటాడు. అందుకే ఈ ఉత్తరం.

బాపు సరిగ్గా తింటున్నాడా అని అడిగావు. నిన్న పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నా సైకాలజీ చదువులో కుక్కలేమిటని కూడా అడిగావు. ఈ రెండింటికీ సంబంధం ఉంది, చెబుతాను.

లాక్‌డౌన్‌లో బాపు ఎప్పుడు ఖటోదరా వెళ్లినా, తను పనిచేసే మరమగ్గాల షెడ్డుకు తాళమే కదా. తీరా లూమ్‌లు మొదలై, సూపర్‌వైజర్ అంబదాస్ ఫోన్ మీద ఫోన్ చేసినా కదల్లేదు. "పోయినా మళ్ల మూస్తరు బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అప్పుడే ఆన్‌లైన్ క్లాసులో మా మేడం ఒక సంగతి చెప్పింది. 1960లలో అమెరికాలో కొందరు కుక్కల మీద వేరే ఏదో పరిశోధన చేస్తున్నారట. వాటిని కట్టేసి కరెంటు షాక్ ఇచ్చారు. అవి ఏం చేసినా ఆ షాక్ ఆగలేదు. తర్వాత పొట్టి అడ్డుగోడ ఉన్న పెట్టెలో వదిలారు. గోడ దూకితే షాక్ తప్పుతుంది. అయినా చాలా కుక్కలు దూకకుండా మూలుగుతూ పడుకున్నాయట. అనుకున్న పరిశోధన చెడిందనుకున్నవాళ్లు, ఇదే అసలు విషయమని గ్రహించి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. పిలిచినా, మాంసం చూపినా లేవని ఆ కుక్కలను మెడతాడు పట్టి అవతలికి లాగారు. అలా చాలాసార్లు లాగాక, వాటంతట అవే దూకాయట.

పాపం అనిపించింది. వెంటనే బాపు గుర్తొచ్చాడు. ఈ మాట ఆయనతో అనకు.

నేనూ బతిమాలాను, మటన్ వండి పెట్టాను. తిని మళ్లీ పడుకున్నాడు. ఇక చెయ్యి పట్టి లాగాను. ఒకరోజు మెట్లదాకా, మరోరోజు గల్లీ చివరిదాకా. మొన్న సోమవారం ఏకంగా షెడ్డుకే తీసుకెళ్లాను. బాపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇంతలో ఎదురుగా ఒక లూమ్ దారం తెగి ఆగింది. కాసేపు దానివంక చూసి, లోపలికి వెళ్లి, ముడి వేసి నడిపించాడు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు ఇంటికి పో, నాకు పనున్నది" అన్నాడు.

ఇంకొకటి నీకు ఇప్పటిదాకా చెప్పలేదమ్మా. మార్చి నుంచి నేనూ గల్లీ దాటలేదు. సరుకులన్నీ పక్కింటి వజ్రమ్మత్తే తెచ్చేది. సోమవారం షేర్ ఆటోలో జనాన్ని చూడగానే వెనక్కి పోదామన్నాను. బాపే నా మాస్కు సరిచేసి, ముందు ఎక్కి, "జర గట్టిగ పట్టుకో బిడ్డా" అని నన్ను లోపలికి లాగాడు.

వచ్చేటప్పుడు ఒక్కదాన్నే వచ్చాను. దారిలో దిగి వంకాయలు కూడా బేరమాడాను.

ఇట్లు,
నీ బిడ్డ
లత