చివరి తెల్లకాగితాలు

అమ్మకు, నేను కులాసా; దగ్గు తగ్గింది.

మొన్న ఒక లెక్కల మాస్టారు మా బైండింగు షాపుకు పుస్తకం తెచ్చారు. నయంకాని తన జబ్బు గురించి తానే రాసి అచ్చు వేయించుకున్నారు. చివర పది తెల్లకాగితాలుంటే వృథా అనుకుని కోసేశాను. ఆయన గయ్యిమన్నారు. "అవి ఇంకా జరగబోయేవాటికయ్యా! డాక్టరు చెప్పింది జబ్బు సంగతి, నా పనుల సంగతి కాదు." కొత్తవి పది పెట్టి మళ్లీ కుట్టిచ్చాను.

నీకూ డాక్టరు నయంకాదనే చెప్పాడని, "ఇక కొత్త కళ్లజోడెందుకు" అన్నావట, చెల్లి రాసింది. ఈ వారమే వెళ్లి చేయించుకో. వంటింటి కుళాయి బాగు చేయించారా? నాన్నకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు.

నీ పెద్దాడు

మాస్టారిచ్చిన ఆ పుస్తకం కాపీ ఒకటి నీకు పంపుతున్నాను. అక్షరాలు మరీ సన్నం. జోడు లేకుండా ఒక్క ముక్క చదవలేవు.