నేను ఆపేసిన ప్రోగ్రామ్

సైదాబాద్,
ఆదివారం.

చిరంజీవి విజయ్‌కు అక్క దీవెనలు. ఇక్కడ అందరం ఉన్నంతలో బాగున్నాం. సూరత్‌లో నీ ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తాను.

నాన్న చేతి వణుకు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. అన్నం అమ్మే కలిపి తినిపిస్తోంది. మందు పెంచినా ఇంతకంటే ఆగదని డాక్టర్ చెప్పేశాడు.

మీ మిల్లులో చూపించడానికి నాన్న గీసిన కొత్త ఇక్కత్ డిజైన్లు పంపమన్నావు. అవి లేవు తమ్ముడూ. పోయిన నెల కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరికి, ఎల్‌బీ నగర్‌లో ఇద్దరికి చూపించాను. ఎవరి వల్లా కాలేదు.

నెట్‌లో కాపీలు ఉంటాయి కదా అంటావు. పాతవే ఉన్నాయి. ఉగాది తర్వాత, చెయ్యి పూర్తిగా పట్టు తప్పేలోపు, మౌస్‌తో ఒక్కో గడీ నింపుకుంటూ గీసిన ముప్పై ఆరూ లేవు.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను. ఉగాది ముందు వైరస్ భయంతో కింది వాటా గౌతమ్‌తో ఫైర్‌వాల్ పెట్టించాను. "తెలియని ప్రోగ్రామ్ ఏదైనా నెట్‌లోకి వెళ్తానని అడిగితే బ్లాక్ నొక్కెయ్యండక్కా. అనుమానంగా ఉంటే నన్ను పిలవండి" అన్నాడు. వారం తిరక్కుండానే ఏదో పొడవాటి ఇంగ్లీషు పేరు అడిగింది. నేను పిలవలేదు. బ్లాక్ నొక్కాను. మళ్లీ అడగొద్దని టిక్కు కూడా పెట్టాను. డిస్క్ పోయాక గౌతమ్ తన కంప్యూటర్‌లో ఆ పేరే చూపించాడు. కాపీలు పంపే ప్రోగ్రామ్ అదే, అప్‌డేట్‌లో పేరు మారింది. నేను నొక్కిన రోజు నుంచి ఒక్క బొమ్మా బయటికి పోలేదు.

ఇంకోటి కూడా ఉంది. డిస్క్ పోయిన రోజు నాన్న, "నేనే ఏదో తప్పు ఒత్తిన బిడ్డా, చెయ్యి మాట ఇంటలేదు గదా" అన్నాడు. నేను కాదనలేదు. ఇరవై రోజులు ఆయన్ని అలాగే అనుకోనిచ్చాను.

నిన్న కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, వణికే చెయ్యి నా తల మీద పెట్టాడు.

"నా పరేషాన్ చూడలేక నీ మీదేసుకుంటున్నవ్. నాకు తెల్వదా?"

"కాదు నాన్నా, నిజంగా నేనే."

"ఊకో బిడ్డా."

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. పొద్దున అమ్మతో మౌస్ పీకించి అటక మీద పెట్టించాడు. "మల్ల ముట్టుకుంటే ఇంకేం ఖరాబ్ చేస్తనో" అంటున్నాడు.

ఇట్లు,
నీ అక్క
సుచిత్ర